మింగేసిన వస్తువు: ఎప్పుడు పరుగెత్తాలి, ఎప్పుడు ఆగి చూడాలి

“ఇప్పటిదాకా వాడి చేతిలోనే ఉంది, చూసేసరికి లేదు.” చాలాసార్లు కథ ఈ మాటతోనే మొదలవుతుంది. పిల్లవాడేమో ఎదురుగా నవ్వుతూ ఆడుకుంటుంటాడు. ఒకరు వాంతి చేయించమంటారు, ఇంకొకరు గట్టి ముద్ద మింగించమంటారు, మరొకరు “రేపో ఎల్లుండో అదే పడిపోతుందిలే” అంటారు. మొదటి రెండు సలహాలూ తప్పు. మూడోది చాలావరకు నిజమే. మింగిన వస్తువుల్లో 80 నుంచి 90 శాతం ఏ వైద్యమూ లేకుండా మలంతో బయటికొచ్చేస్తాయి. మిగిలినవాటిలో ఎక్కువ భాగం ఎండోస్కోపీతో, అంటే నోటిగుండా సన్నటి కెమెరా గొట్టం పంపి తీసేస్తారు. పొట్ట కోసి ఆపరేషన్ చేయాల్సిన పరిస్థితి నూటికి ఒకరికి కూడా రాదు.

చిక్కంతా ఎక్కడుందంటే, ఆ మిగిలిన పది ఇరవై శాతంలో కొన్నింటికి మన చేతిలో ఉండేది రెండు గంటలే. అవి ఏవో పిల్లవాడి ముఖం చూస్తే తెలియదు. బటన్ బ్యాటరీ (రిమోట్లలో, బొమ్మల్లో ఉండే చిన్న గుండ్రటి బిళ్ల) మింగినవాడు గంటసేపు హాయిగా ఆడుకోవచ్చు. చొక్కా గుండీ మింగినవాడు ఇల్లెగిరిపోయేలా ఏడవొచ్చు. అందుకే ఎంత తొందరపడాలో ఏడుపును బట్టి కాదు, లోపలికి పోయిన వస్తువును బట్టి తేల్చుకోవాలి.

1. ముందు ఊపిరి సంగతి చూడండి

గొంతు దగ్గర రెండు దారులు చీలతాయి: ఒకటి ఊపిరితిత్తులకు, ఇంకొకటి అన్నవాహికలోకి. వస్తువు ఏ దారిన పోయిందన్నది మొదటి ప్రశ్న.

గట్టిగా దగ్గుతున్నాడా? దగ్గనివ్వండి. దగ్గును మించిన సాయం మీరు చేయలేరు. దగ్గు చప్పుడు ఆగిపోయి, మాట రాక, పెదవులు నీలంగా మారుతుంటే మాత్రం ఊపిరి దారి మూసుకుపోయినట్టే. ఏడాది లోపు బిడ్డయితే ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, తల కిందికి ఉండేలా పట్టుకుని, రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో ఐదుసార్లు చరచండి. పడకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద ఐదుసార్లు నొక్కండి. ఏడాది దాటినవారికి, పెద్దలకు వీపు మీద ఐదు చరుపులు, అప్పటికీ రాకపోతే వెనక నిలబడి బొడ్డుకు పైన పిడికిలి పెట్టి లోపలికీ పైకీ ఐదు నొక్కులు. వస్తువు బయటపడేదాకా ఇవే మార్చి మార్చి చేయండి. పక్కన ఇంకెవరైనా ఉంటే ఈలోగా అంబులెన్స్‌కు ఫోన్ చేయించండి. స్పృహ తప్పితే సీపీఆర్ (రొమ్ము నొక్కుతూ నోటితో ఊపిరి ఊదడం) మొదలుపెట్టాలి. నోట్లో వస్తువు కంటికి కనిపిస్తేనే తీయండి. కనిపించకుండా వేలు పెట్టి తడిమితే దాన్ని ఇంకా లోపలికి నెట్టేస్తారు.

ఇంకో మోసం కూడా ఉంది. ఒక్కసారి గట్టిగా పొలమారి, ఉక్కిరిబిక్కిరై, ఆ తర్వాత అంతా సర్దుకున్నట్టు కనిపిస్తుంది. రెండు రోజులకు దగ్గు, పిల్లికూతలు మొదలవుతాయి. అలాంటప్పుడు వస్తువు కడుపులో లేదు, ఊపిరితిత్తుల గొట్టంలో ఉంది. ఆ పొలమారిన సంగతి డాక్టరుకు మీరు చెప్పకపోతే అది ఉబ్బసం లెక్కలోకి పోతుంది.

ఊపిరి బాగుంటే వస్తువు అన్నవాహిక దారిన పోయిందనుకుని రెండో మెట్టుకు రండి. అయితే చొంగ ఆగకుండా కారుతుంటే, నీళ్లు కూడా మింగలేకపోతుంటే, రొమ్ములో నొప్పి అంటుంటే, వాంతిలో రక్తం కనిపిస్తే ఇక ఆలోచించే పని లేదు. మింగింది ఏదైనా సరే నేరుగా ఆసుపత్రికే.

2. ఏం పోయిందో కనిపెట్టండి

దీనికి రెండు మూడు నిమిషాలు ఖర్చుపెట్టినా నష్టం లేదు. అంతకుమించి వద్దు. రిమోట్ మూత ఊడి ఉందా? బొమ్మ వెనక బ్యాటరీ గూడు ఖాళీగా ఉందా? అయస్కాంతపు బిళ్లల సెట్టయితే ఎన్ని ఉండాలి, ఎన్ని మిగిలాయి? పోయినదాని జత దొరికితే జేబులో వేసుకోండి. మీరు నోటితో చెప్పే వర్ణన కన్నా డాక్టరుకు ఆ జతే ఎక్కువ ఉపయోగం.

బ్యాటరీ ప్యాకెట్ దొరికితే దానిమీద అంకె చదవండి. సీఆర్ 2032 అని ఉంటే మొదటి రెండంకెలు వెడల్పు: 20 మిల్లీమీటర్లు. తర్వాతివి మందం: 3.2 మిల్లీమీటర్లు. 20 మిల్లీమీటర్లు, అంతకుమించిన లిథియం బిళ్లలే పసిపిల్లల అన్నవాహికలో ఇరుక్కుని అత్యంత ఘోరమైన గాయాలు చేసేవి. మీ గడియారంలో టైము చూసి రాసుకోండి. మింగి ఎంతసేపైందన్నది ఆ రోజంతా మిమ్మల్ని పదిమంది అడుగుతారు.

ఏం మింగాడో తేలకపోతే? గుండ్రంగా, లోహంలా మెరిసేది ఏదైనా సరే, కాదని ఎక్స్‌రే చెప్పేదాకా బ్యాటరీయే అనుకుని నడవండి. తీరా చూస్తే అది నాణెం అవ్వొచ్చు. అయితే కానీయండి. ఇక్కడ అతిజాగ్రత్త వల్ల పోయేది ఒక మధ్యాహ్నమే.

3. నోట్లోకి ఏమీ పోనివ్వకండి

వాంతి చేయించవద్దు. పదునైనది పైకి వస్తూ మళ్లీ కోస్తుంది, గుండ్రటిది ఊపిరి దారిలో పడొచ్చు. గట్టి ముద్ద మింగించవద్దు. ఇరుక్కున్న ముల్లు ఇంకా లోతుగా దిగుతుంది. ఆముదం, విరేచనాల మందు వద్దు. పైగా ఎండోస్కోపీకి మత్తు ఇవ్వాలంటే కడుపు ఖాళీగా ఉండాలి. “పాపం ఆకలేస్తోందని బిస్కెట్ పెట్టాం” అన్న ఒక్క మాటతో మత్తు ఇవ్వడం ఆలస్యమవుతుంది.

దీనికి ఒకే ఒక్క మినహాయింపు ఉంది. అది బటన్ బ్యాటరీ విషయంలో.

4. బటన్ బ్యాటరీ: మిగతా పనులన్నీ పక్కన పెట్టండి

బ్యాటరీ పగిలి లోపలి రసాయనం కారడం వల్ల హాని జరుగుతుందని చాలామంది అనుకుంటారు. అసలు కథ అది కాదు. చెక్కుచెదరని బ్యాటరీయే కాలుస్తుంది. అన్నవాహిక గోడలు తడిగా ఉంటాయి. వాటి మధ్య బిళ్ల ఇరుక్కోగానే ఆ తడి గుండా కరెంటు ప్రవహిస్తుంది. బ్యాటరీ నెగటివ్ వైపున నీరు విడిపోయి ఘాటైన క్షారం పుడుతుంది. డ్రైనేజీ గొట్టాలు శుభ్రం చేసే పొడి ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ఆ క్షారం కండను మెత్తగా కరిగించుకుంటూ పోతుంది. రెండు గంటల్లో లోతైన గాయమవుతుంది. ఆ గోడకు అటువైపు ఏమున్నాయి? ఒక పక్క ఊపిరి గొట్టం, ఇంకో పక్క శరీరంలోకెల్లా పెద్ద రక్తనాళం.

రిమోట్‌లో పనిచేయడం మానేసిన “అయిపోయిన” బ్యాటరీలో కూడా ఈ పనికి సరిపడా కరెంటు మిగిలే ఉంటుంది. ముక్కులో, చెవిలో దూరినా ఇదే తంతు.

మీరు చేయాల్సింది: వెంటనే బయల్దేరండి. ఎక్స్‌రే, పిల్లలకు ఎండోస్కోపీ రెండూ ఉన్న ఆసుపత్రికే వెళ్లండి. దారిలోనే ఫోన్ చేసి “బటన్ బ్యాటరీ” అన్న మాట స్పష్టంగా చెప్పండి. బిడ్డకు ఏడాది నిండి, మింగి 12 గంటలు దాటకుండా, ఇంకా మింగగలుగుతుంటే తేనె ఇవ్వొచ్చు: రెండు టీ స్పూన్లు, అంటే 10 మిల్లీలీటర్లు, పది నిమిషాలకోసారి, మొత్తం ఆరుసార్లకు మించకుండా. తేనె బ్యాటరీ మీద పూతలా పట్టి, పుట్టే క్షారాన్ని కొంత విరిచి, కాలిన గాయం లోతు తగ్గిస్తుంది. అంతే తప్ప అది వైద్యం కాదు. ఇంట్లో తేనె లేకపోతే కొనడానికి ఆగవద్దు. ఏడాది లోపు పిల్లలకు తేనె బొటులిజం అనే ప్రమాదం (కండరాలను చచ్చుబడేసే విషం) తెస్తుంది కాబట్టి అసలే వద్దు.

ఎక్స్‌రేలో నాణెం ఒకే గుండ్రటి మచ్చలా కనిపిస్తుంది. బ్యాటరీ అంచున రెండు వలయాలు కనిపిస్తాయి, పక్కనుంచి తీసిన ఫిల్ములో చిన్న మెట్టు తేలుతుంది. అందుకే ముందునుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి తీస్తారు. అన్నవాహికలో ఉందని తేలితే కడుపు ఖాళీ అయ్యేదాకా కూడా ఆగరు. కడుపులోకి దిగిపోతే ఆ ఉరుకులు కొంత తగ్గుతాయి. వయసు, బిళ్ల సైజు, గడిచిన సమయం చూసి తీయాలో కనిపెట్టుకుని ఉండాలో డాక్టరు తేలుస్తారు.

తీసేశాక అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నేను మాత్రం ఇక్కడ ఇంకో నాలుగు మాటలు ఎక్కువ చెప్తాను. బ్యాటరీ బయటికొచ్చినా కాలిన చోట గాయం లోతుకు పోతూనే ఉండొచ్చు. కొన్ని రోజులకు, ఒక్కోసారి వారాల తర్వాత కూడా రక్తనాళానికి చిల్లు పడొచ్చు. ఇంటికొచ్చాక వాంతిలో కాస్త రక్తం జీర కనిపించినా, మలం తారులా నల్లగా వచ్చినా, అది పెద్ద రక్తస్రావానికి ముందు వచ్చే హెచ్చరిక కావచ్చు. ఆగింది కదా అని ఊరుకోకుండా అప్పటికప్పుడు వెనక్కి తీసుకెళ్లండి. గొంతు బొంగురుపోయినా, నీళ్లు తాగితే దగ్గు వచ్చినా చూపించాలి.

5. అయస్కాంతాలు: ఒకటా, రెండా?

ఒక్కటే మింగితే, దాంతోపాటు వేరే లోహం ఏదీ పోకపోతే, అది చాలావరకు మామూలు వస్తువులాగే బయటికొచ్చేస్తుంది. రెండు పోతే లెక్క మారుతుంది. ఒకటి పేగు ఒక మడతలో, రెండోది పక్క మడతలో ఉండి గోడల మీదుగా ఒకదాన్నొకటి లాక్కుంటాయి. మధ్యలో నలిగిన పేగుకు రక్తం అందదు, చిల్లు పడుతుంది, పేగు మెలి తిరుగుతుంది. చిన్న బంతుల్లా వచ్చే నియోడిమియం అయస్కాంతాలు పాతకాలపు నల్ల బిళ్లలకన్నా ఎన్నో రెట్లు బలమైనవి, ఈ ప్రమాదం ఎక్కువగా వాటితోనే.

మొదట్లో కనిపించే లక్షణాలు మామూలు కడుపు నొప్పి, వాంతుల్లాగే ఉంటాయి. “ఏదో తిన్నది పడలేదు” అని రెండు రోజులు పోయేది ఇక్కడే. ఎక్స్‌రేలో రెండు అయస్కాంతాలు అతుక్కుని ఒకటిగా కనిపించవచ్చు కూడా. అందుకే ఎన్ని పోయాయో తెలియకపోతే ఒకటికన్నా ఎక్కువే అనుకుని అదే రోజు వెళ్లండి. ఇంకా కడుపులో, అంటే ఎండోస్కోపీకి అందే చోట ఉండగానే తీసేయడం తేలిక. దాటిపోతే సర్జన్ రావాలి. ఈలోగా లోహపు బకిల్ బెల్టు, లోహపు గుండీల బట్టలు తీసేయండి.

6. పదునైనవి, పొడవైనవి

షెవాలియర్ జాక్సన్ అనే అమెరికన్ గొంతు వైద్యుడు (1865–1958) మనుషుల గొంతుల్లోంచి, ఊపిరి గొట్టాల్లోంచి బయటికొచ్చిన 2,374 వస్తువులను భద్రపరిచాడు. ఫిలడెల్ఫియాలోని ముటర్ మ్యూజియంలో ఆ సొరుగులు ఇప్పటికీ ఉన్నాయి. పిన్నీసులు, మేకులు, గుండీలు, బొమ్మ ముక్కలు. ఆయన పేరుతో చెప్పుకునే సూత్రం ఒకటుంది: ముందుకు సాగే మొన గుచ్చుతుంది, వెనక ఈడ్చుకొచ్చే మొన గుచ్చదు. నేటికీ ఎండోస్కోపీ చేసేవారు పిన్నీసును తీసేటప్పుడు మొన వెనక్కి ఉండేలా తిప్పుకునే లాగుతారు.

తెరిచి ఉన్న పిన్నీసు, సూది, బ్లేడు ముక్క, గాజు పెంకు, టూత్‌పిక్, స్ట్రిప్పు రేకుతో సహా మింగేసిన మాత్ర: ఇవన్నీ ఈ జాబితాలోవే. అన్నవాహికలో ఉంటే వెంటనే, కడుపులో అందే చోట ఉంటే ఆ రోజులోపే తీయడం మంచిది. చిన్నపేగులోకి జారిపోతే రోజూ ఎక్స్‌రే తీసి కదలిక చూస్తారు. మూడు రోజులు ఒకేచోట ఆగిపోతే ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. పొడవు సుమారు ఆరు సెంటీమీటర్లు, లేదా వెడల్పు రెండున్నర సెంటీమీటర్లు దాటితే పదును లేకపోయినా పేగు మలుపుల్లో ఆగిపోయే అవకాశం ఎక్కువ. ఈ కొలతలు పెద్దలవి. పసిపిల్లలకు ఇంకా తక్కువ.

టూత్‌పిక్‌ను ఎవరూ పట్టించుకోరు, నాకైతే దాని మీదే ఎక్కువ భయం. కర్ర ఎక్స్‌రేలో కనపడదు, అరగదు, రెండు వైపులా మొనే.

చేపముల్లు గుచ్చుకుంటే అది ఎక్కువసార్లు టాన్సిల్ దగ్గరో నాలుక మొదట్లోనో ఉంటుంది. ముక్కు చెవి గొంతు డాక్టరు లైటు వేసి చూసి పటకారుతో లాగేయగలరు. ముల్లు పోయాక కూడా గీరుకున్న చోట ఒకటి రెండు రోజులు గుచ్చుకుంటున్నట్టే అనిపిస్తుంది, అది మామూలే. తగ్గకుండా పెరుగుతుంటే, జ్వరం వస్తే, మెడ వాస్తే, రొమ్ములో నొప్పి పుడితే మాత్రం స్కాన్ అవసరం. చాలా ముళ్లు ఎక్స్‌రేలో కనిపించవు, సీటీ స్కాన్‌లో తెలుస్తాయి.

7. నాణెం, గుండీ, పూసలాంటివి

పిల్లలు మింగేవాటిలో నాణేలదే అగ్రస్థానం. అన్నవాహికలో ఇరుకైన చోట్లు మూడు: పైన గొంతు చివర, మధ్యలో పెద్ద రక్తనాళం దాటే చోట, కింద కడుపులోకి తెరుచుకునే చోట. నాణెం ఆగితే ఎక్కువగా పైదాని దగ్గరే. లక్షణాలేవీ కనిపించకపోయినా ఒక్క ఎక్స్‌రే తీయించండి. అది బ్యాటరీ కాదని తేలడానికీ, ఎక్కడుందో తెలియడానికీ. అన్నవాహికలో ఉండి పిల్లవాడు బాగుంటే కొన్ని గంటలు ఆగి మళ్లీ చూస్తారు, దానంతటదే దిగిపోయే అవకాశం ఉంది. ఒక రోజు మించి మాత్రం అక్కడ ఉండనివ్వరు.

కడుపులోకి దిగిందంటే సగం గండం గడిచినట్టే. ఇంటికి పంపేస్తారు. అందరూ తినేదే పెట్టండి, ఆడుకోనివ్వండి. చాలావరకు వారం లోపే వచ్చేస్తుంది. కొన్నిసార్లు మూడు నాలుగు వారాలు పడుతుంది. మలాన్ని పాత జల్లెడలో వేసి నీళ్లు పోసి చూడాలి. ఆ పని ఎవరికీ ఇష్టం ఉండదు, కానీ వచ్చిందని కళ్లారా చూస్తే ఇంకో ఎక్స్‌రే తప్పుతుంది. నాలుగు వారాలైనా కడుపులోనే కూర్చుంటే ఎండోస్కోపీతో తీస్తారు. ఈలోగా జ్వరం, ఆగని వాంతులు, పొట్ట ఉబ్బరం, తీవ్రమైన నొప్పి, మలంలో రక్తం కనిపిస్తే ఆగకండి.

చిన్నగా ఉన్నా తేలిగ్గా తీసుకోకూడనివి రెండున్నాయి. నీళ్లలో వేస్తే ఉబ్బే రంగురంగుల జెల్లీ పూసలు పేగులోకి వెళ్లాక ఉబ్బి దారి మూసేస్తాయి. పైగా ఎక్స్‌రేలో కనపడవు. రెండోది సీసం: గాలానికి కట్టే బరువులు, ఎయిర్‌గన్ గుళ్లు. కడుపులోని ఆమ్లం సీసాన్ని కరిగించి రక్తంలో కలుపుతుంది, కాబట్టి రక్తంలో సీసం పరీక్ష కూడా చేయించాలి.

ఒక్క మాట గుర్తుంచుకోండి: “ఎక్స్‌రేలో ఏమీ లేదు” అంటే లోపల ఏమీ లేదని కాదు. ప్లాస్టిక్, కర్ర, పలుచటి అల్యూమినియం, జెల్లీ పూసలు అందులో తేలవు. మింగడం మీరు కళ్లారా చూసి ఉంటే, పిల్లవాడికి లక్షణాలు ఉంటే ఆ మాట గట్టిగా చెప్పి తర్వాతి పరీక్ష ఏమిటో అడగండి.

8. పెద్దవాళ్లయితే

పెద్దల్లో ఎక్కువగా ఇరుక్కునేది నాణెమో పిన్నీసో కాదు, సరిగా నమలని మాంసం ముక్క. ఉమ్ము కూడా మింగలేక పాత్రలో ఊస్తుంటే కొద్ది గంటల్లోనే ఎండోస్కోపీ కావాలి. ఉమ్ము మింగగలిగితే 24 గంటల వ్యవధి ఉంటుంది. కోలా తాగితే దిగిపోతుందన్న నమ్మకాన్ని నెదర్లాండ్స్ వైద్యులు పరీక్షకు పెట్టి 2023లో ఫలితం వెల్లడించారు. తాగినవారికీ తాగనివారికీ తేడా కనపడలేదు. మాంసాన్ని మెత్తబరిచే పొడులు మింగితే ముక్కతోపాటు అన్నవాహిక గోడ కూడా దెబ్బతినొచ్చు.

ముక్క తీసేయడంతో పని అయిపోదు. ఆరోగ్యంగా ఉన్న అన్నవాహికలో ముక్క అంత తేలిగ్గా ఆగదు. లోపల సన్నబడి ఉండొచ్చు, అలర్జీ వల్ల వచ్చే అన్నవాహిక వాపు (ఇసినోఫిలిక్ ఈసోఫజైటిస్) ఉండొచ్చు. అదే ఎండోస్కోపీలో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారా అని అడగండి. అడగకపోతే ఆరు నెలలకు ఇదే మంచం మీద మళ్లీ పడుకోవాల్సి రావొచ్చు.

ముసలివారిలో కట్టుడు పళ్ల సెట్టు కనపడకపోతే మంచం కిందే కాదు, గొంతులో కూడా ఉండొచ్చని గుర్తు చేసుకోండి. మతిమరపు ఉన్నవారు చెప్పలేరు. ఉన్నట్టుండి తిండి మానేయడం, చొంగ కారడమే వాళ్లు చెప్పే మాట.

9. ఇంట్లో ఈ రోజే చేయగల పని

ఖాళీ టాయిలెట్ పేపర్ గొట్టం ఒకటి తీసుకోండి. అందులోంచి జారిపోయే వస్తువేదైనా మూడేళ్ల లోపు బిడ్డ నోటికి ప్రమాదమే. బొమ్మల పరీక్షకు వాడే గొట్టం 31.7 మిల్లీమీటర్ల వెడల్పుంటుంది, పేపర్ గొట్టం కాస్త పెద్దది కాబట్టి మీ పరీక్ష కొంచెం కఠినంగానే ఉంటుంది. రిమోట్లు, తూకం యంత్రాలు, వెలిగే కొవ్వొత్తి బొమ్మలు, పాటలు పాడే గ్రీటింగ్ కార్డులు, థర్మామీటర్లు ఒకచోట పోగేసి, స్క్రూ లేని బ్యాటరీ మూతలకు బలమైన టేపు చుట్టండి. ఇక మార్చేసిన పాత బిళ్లలను బల్ల మీద వదలకుండా, చేతిలోంచి దించేలోపే రెండు వైపులా టేపు అంటించి పిల్లల చేతికి అందని డబ్బాలో వేయండి.